పన్నెండు నెలల మాట

మా అత్తమ్మకు ఒక అక్క ఉంది. పామూరులో కొడుకు దగ్గర ఉంటుంది. నేను ఆమెను పెద్దత్తమ్మ అంటాను. పదేళ్ల కిందట విషజ్వరం వచ్చి తగ్గిన తర్వాత ఆమెకు చెవులు పూర్తిగా పోయాయి. ఒంగోలు తీసుకెళ్లి చూపించారు. చెవికి మిషను పెట్టించారు. దాని ఈల పక్కనున్నవాళ్లకు వినపడింది గానీ ఆమెకు మాత్రం ఏమీ వినపడలేదు. నెల తిరక్కుండానే తీసి డబ్బాలో పెట్టేసింది.

చెవులు పోయినా ఆమెతో మాట్లాడటం మా అత్తమ్మకు ఏమాత్రం కష్టం కాలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు మార్కాపురంలో ఒకే పలకల ఫ్యాక్టరీలో పనిచేశారు. రాయి కోసే మిషన్ల హోరులో పక్కమనిషి అరిచినా వినపడేది కాదట. అందుకని అక్కడి ఆడవాళ్లంతా చేతులతో, కనుబొమలతో, పెదవుల కదలికతో మాట్లాడుకునేవారు. మేస్త్రీ వస్తున్నాడనడానికి ఒక సైగ, అన్నంలోకి ఏం తెచ్చావనడానికి ఒక సైగ, ఫలానా ఆమెకు నెల తప్పిందనడానికి ఒక సైగ. ఎప్పుడో ఆ హోరులో నేర్చుకున్న మాటలు ముసలితనంలో వాళ్లిద్దరికీ ఇట్లా అక్కరకొచ్చాయి.

కాకపోతే ఆ మాటలకు మనిషి కళ్లముందు కనపడాలి. మామూలు ఫోను పనికిరాదు. వీడియో కాల్ ఒక్కటే దారి.

మా ఇల్లు మార్కాపురంలో కొండవైపు పోయే వీధి చివర ఉంటుంది. మా ఆయన లారీ షెడ్డులో మెకానిక్. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ముందుగదిలో రెండు మిషన్లు, గోడకు అద్దం, మూలకు చీరల మూటలు. మా ఇంట్లోకి సెల్ సిగ్నల్ సరిగ్గా వచ్చేది కాదు. అత్తమ్మ అక్కతో మాట్లాడాలంటే సాయంత్రం నాలుగింటికి మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడాలి. అక్కడ కూడా బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. పెద్దత్తమ్మ చేయి గాల్లోకి లేచి అట్లాగే బిగుసుకుపోయేది. ఆ చేయి రమ్మంటోందో, వద్దంటోందో మాకు తెలిసేది కాదు. ఒకసారి ఆ చేయి ఆగిన తీరు చూసి అక్కకు గుండెల్లో నొప్పి అనుకుని అత్తమ్మ ఏడ్చింది. పామూరులో వాళ్ల పక్కింటివాళ్ల ద్వారా కనుక్కుంటే, ఆమె తను కొత్తగా కొనుక్కున్న పూసల దండను చూపించబోయిందట.

అట్లాంటి రోజుల్లో మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది.

తెచ్చినాయన నలభై ఏళ్ల మనిషి. స్తంభాల మీద తీగలు లాగేదీ ఆయనే, ఇల్లిల్లూ తిరిగి కనెక్షన్లు రాయించుకునేదీ ఆయనే. వీధిలో అందరం లైనన్న అనేవాళ్లం. చేతిలో పసుపురంగు కరపత్రాల కట్ట పట్టుకుని మా గడపలో నిలబడ్డాడు.

"అక్కా, నెలకు అయిదు వందలు. పెట్టె ఫ్రీ. తీగ ఫ్రీ. ఏడాది మాత్రం తియ్యకూడదు. మధ్యలో తీసేస్తే పెట్టె డబ్బులు కట్టాల్సి వస్తది."

నేను మిషను ఆపేలోపే అత్తమ్మ లోపలినుంచి వచ్చింది. "మేము ఏడాది తియ్యం. మరి ఏడాదిలోపల మీరు పెంచితే?"

"పెంచరు పెద్దమ్మా. చూడు, ఇక్కడే రాసినారు." కరపత్రంలో వేలు పెట్టి చూపించాడు. పెద్దక్షరాలతోనే ఉంది, పన్నెండు నెలల పాటు ధర మారదు అని. అత్తమ్మ అయిదో తరగతి చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, తలూపి, "సంతకం పెట్టు పిల్లా" అంది నాతో.

ఆ మొదటి నాలుగు నెలలూ మా ఇంట్లో పండగే. సాయంత్రం నాలుగు కాగానే అత్తమ్మ ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, ఫోనును నా కుట్టుమిషను మీద దారపు ఉండకు ఆనించి కూర్చునేది. తెరమీద పెద్దత్తమ్మ నవ్వుతూ కనపడేది. ఇక వాళ్లిద్దరి చేతులూ ఆగేవి కావు. ఇల్లంతా నిశ్శబ్దం. మధ్యలో ఉన్నట్టుండి ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. పక్కన కూర్చుని హుక్కులు కుట్టుకుంటున్న నాకు దేనికి నవ్వారో తెలియక ఉక్రోషం వచ్చేది. పెద్దత్తమ్మ ఒకప్పుడు చర్చిలో బాగా పాడేదట. ఇప్పుడు తన పాట తనకే వినపడదు కదా, శ్రుతి ఎటో పోతుంది. అయినా ఆదివారాలు ఒక కీర్తన పాడేది. తాళం తప్పకుండా ఇటునుంచి అత్తమ్మ చేయి ఊపుతూ ఉండేది. నేను మాత్రం ఆ పాట విని నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోయేదాన్ని.

అయిదో నెలలో ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. వచ్చే నెలనుంచి మీ ప్లాను ధర సవరించబడింది, ఇకమీదట ఆరు వందల యాభై అని దాని సారాంశం.

నేను దాన్ని అత్తమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

"ఏంది? ఏడాది అన్నాడు గదా?"

"పెంచినారంట అత్తమ్మా. అందరికీ పెంచినారంట."

"అందరికీ పెంచితే న్యాయమైపోతదా? ఎన్నో నెల ఇది?"

"అయిదోది."

ఆమె వేళ్లమీద మిగిలిన నెలలు లెక్కబెట్టింది. సాయంత్రం మా ఆయన షెడ్డునుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అక్కడే నిలబడి విషయం చెప్పింది. మా ఆయనకు గొడవలంటే పడదు. "పోనీలేమ్మా, కట్టేద్దాం. వాళ్లతో మనకెందుకు?" అన్నాడు.

"మనం మధ్యలో తీసేస్తే వాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. పెట్టె డబ్బులు కట్టాలంట గదా."

"మనమేమో ఏడాది మాటమీద నిలబడాల. వాళ్లు నిలబడక్కర్లేదా? అది ఎట్ల కుదురుతదిరా?"

మా ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు ముఖం బయటికి తీయలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తమ్మ ఫ్యాక్టరీనాటి సంగతి ఒకటి చెప్పింది. నేను అంతకుముందు వినలేదు. ఒకసారి మేస్త్రీ లోడుకు ఒక రేటు మాట్లాడి, సగం పలకలు పేర్చాక రేటు తగ్గించాడట. అప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ మిగతా సగం ముట్టుకోకుండా లారీ పక్కన కూర్చున్నారట. లారీ మధ్యాహ్నందాకా కదల్లేదు. "మేము ఎక్కువ అడగలేదు. అన్నది ఇయ్యమన్నాం. అంతే" అంది. ఆమె గొంతులో కోపమేమీ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. నాకు మాత్రం మున్ముందు ఏం జరగబోతోందో అప్పుడే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయించింది. స్పీకరు పెట్టాను. తెలుగు కోసం రెండు నొక్కమంది రికార్డు గొంతు.

"నొక్కినాంలేమ్మా, చెప్పు" అంది అత్తమ్మ.

అది మనిషి కాదని చెప్పాను. మనిషి కాకపోయినా మర్యాదగానే మాట్లాడుతోంది కదా అంది. పాటలు, అంకెలు, మళ్లీ పాటలు. ఇరవై నిమిషాలకు ఒక అమ్మాయి లైనులోకి వచ్చింది.

"మేడమ్, మీ ప్లానుకు ధరల సవరణ జరిగిందండీ."

"సవరణ అంటే ఏంది తల్లీ?"

"అంటే… పెంచడం మేడమ్."

"మరి పెంచినాం అని చెప్పొచ్చు గదా. సవరణ అంటే తప్పు దిద్దినారేమో అనుకున్నా."

అవతలినుంచి ఫుక్కున నవ్వు వినపడింది, వెంటనే ఆగింది. అత్తమ్మ తన కథంతా మొదటినుంచి చెప్పింది, పామూరు అక్క సంగతితో సహా. పామూరు అనగానే ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. "మాది కనిగిరి పెద్దమ్మా" అంది మెల్లగా. ఆ మాట అనకూడదేమో, వెంటనే మళ్లీ మేడమ్‌లోకి వెళ్లిపోయింది. ఫిర్యాదు రాసుకుని, నంబరు ఇచ్చి, చివర ఒక్క మాట చెప్పింది. "ధర మారదని రాతపూర్వకంగా మీ దగ్గర ఏదన్నా ఉంటే, మార్కాపురం ఆఫీసుకు పోయి చూపించండి మేడమ్. నోటిమాటైతే పట్టించుకోరు."

"కాగితం ఉంది" అంది అత్తమ్మ ధీమాగా.

నేను మెల్లగా అక్కణ్నుంచి లేచాను.

కుట్టుపని చేసేవాళ్లింట్లో మందపాటి కాగితం ఎక్కువకాలం కాగితంగా ఉండదు. కొత్త మెడ నమూనా ఏదన్నా నేర్చుకుంటే ముందు కాగితం మీద కత్తిరించి పెట్టుకుంటాను. ఆ పసుపు కరపత్రం మంచి గట్టిగా, మడత పడకుండా ఉండేది. నేను నమూనాల సంచి వెతికి తెచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కుండ ఆకారంలో వీపు మెడ. దాని మీద పన్నెండు నెలల పాటు ధర మార, అని ఉంది. అక్కడితో అక్షరాలు అయిపోయాయి. దు ఉండాల్సిన చోట మెడ వంపు.

అత్తమ్మ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"మెడ బాగొచ్చింది" అంది చివరికి. "ఎవరికి కుట్టినావు?"

చెప్పాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఆమెకే నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ గుమ్మంలోనే కూలబడింది. నేనూ ఆమె పక్కనే కూలబడ్డాను. ఆ రోజు జాకెట్లు ఏవీ కదల్లేదు.

నెలాఖరుకు అత్తమ్మ పాత ధరే కట్టించింది. ఆరో రోజు కంపెనీవాళ్లు నెట్టు ఆపేశారు. పెట్టెమీద పచ్చలైటు ఎర్రగా మారింది. లైనన్న వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "అక్కా, నేను ఏం చెయ్యగలను? నాకూ మెసేజీతోనే తెలిసింది. ఈ వీధిలో నేను చెప్పినానని ముప్పై ఇళ్లవాళ్లు తీసుకున్నారు. టీ దుకాణం దగ్గరికి పోలేకపోతున్నా. పోతే అందరూ నన్నే అంటున్నారు" అన్నాడు. నిజంగానే చిక్కిపోయాడు. అత్తమ్మ అతనికి మజ్జిగ ఇప్పించి పంపింది.

నాలుగు రోజులు నాలుగింటికి అత్తమ్మ ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని ఊరికే కూర్చుంది. మిద్దెమీద కూడా సిగ్నల్ అందలేదు. అయిదో రోజు, "పామూరు పోదాం పద" అంది.

కనిగిరిలో బస్సు మారి, పామూరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. పెద్దత్తమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసి, గింజలన్నీ ఒళ్లోనుంచి జారవిడిచి లేచింది. నాలుగు రోజులుగా చెల్లెలు తెరమీద కనపడకపోయేసరికి ఏమైందోనని కొడుకును సతాయిస్తూ ఉందట. మా ఆయన ఆ కొడుక్కు ఫోన్ చేసి చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

అక్కాచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. అత్తమ్మ మొత్తం కథ చేతులతో చెప్పింది. పన్నెండు అని వేళ్లు, అయిదు అని వేళ్లు, బొటనవేలితో చూపుడువేలు రుద్ది రేటు. తర్వాత వేలితో పెదవి తాకి అరచేయి బోర్లా తిప్పింది. ఆ సైగ నాకు ఆ రోజే తెలిసింది. మేస్త్రీ మాట తిప్పాడు అని దాని అర్థం. అది చూడగానే పెద్దత్తమ్మ కళ్లు పెద్దవయ్యాయి. చివరికి నావైపు చూపించి, కత్తెరతో కత్తిరించినట్టు రెండు వేళ్లు ఆడించింది అత్తమ్మ. పెద్దత్తమ్మ నా బుగ్గ గిల్లింది, గట్టిగానే.

తర్వాత లేచి లోపలికి పోయి తన ట్రంకుపెట్టె తెరిచింది.

చెవులు పోయినప్పటినుంచి పెద్దత్తమ్మకు కాగితం మీద నమ్మకం పెరిగింది. ఎవరన్నా ఏదన్నా చెబితే రాసియ్యమంటుంది. రాసినదాన్ని పారెయ్యదు. డాక్టరు చీటీలు, చర్చి ఆహ్వానాలు, గ్యాసు రసీదులు, కోడలు ఏం వండమంటావని రాసిన చీటీలు కూడా బట్టల కింద వరసగా పేర్చి ఉన్నాయి. వాటిల్లోంచి పసుపురంగు కరపత్రం ఒకటి తీసింది. వాళ్లింట్లో కూడా అదే కంపెనీ నెట్టు. వాళ్లకూ అయిదో నెలలోనే పెంచితే, కొడుకు తల్లికి చెప్పకుండా కట్టేస్తున్నాడు. కరపత్రం చెక్కుచెదరకుండా ఉంది. మారదు అన్న మాట, దాని కింద కంపెనీ ముద్ర, మార్కాపురం ఆఫీసు చిరునామా.

దాన్ని అత్తమ్మ చేతికివ్వబోయి మళ్లీ వెనక్కి తీసుకుంది. నాకేసి చూసి తల అడ్డంగా ఊపి, తన జాకెట్లో దోపుకుంది. ఇంకోమారు నా కత్తెరకు దొరకనివ్వదట. మర్నాడు పొద్దున బస్సులో ఆమె కూడా మాతో బయల్దేరింది.

మార్కాపురం ఆఫీసు మేడమీద ఉంది. అద్దాల తలుపు, ఏసీ, గాజు బల్ల. బల్ల వెనక మేనేజరు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఎదురుగా కుర్చీల్లో బిల్లులు కట్టడానికి వచ్చినవాళ్లు ఏడెనిమిదిమంది. లైనన్న కూడా ఒక మూల తీగ చుట్ట పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలి కదా, ఆ వంద చిల్లర నేనే కట్టేసి ఈ ఇద్దరు ముసలమ్మల్ని ఇంటికి తీసుకుపోదామని ఆ క్షణంలో అనుకున్నాను.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, ధర పెంచింది మేం కాదు. హెడ్డాఫీసు నిర్ణయం. సిస్టంలో ఆటోమేటిక్‌గా మారిపోద్ది. నా చేతుల్లో ఏం లేదు."

"కనెక్షన్ రాసిచ్చినప్పుడు మీ చేతుల్లోనే ఉండె గదా నాయనా" అంది అత్తమ్మ.

ఆయన పెద్దత్తమ్మవైపు తిరిగి అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. ఆమె ఆయన పెదవులకేసి శ్రద్ధగా చూస్తోంది. ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. కుర్చీల్లో అందరూ ఇటు తిరిగారు.

"ఆమెకు వినపడదు నాయనా. గొంతు నొప్పి పుట్టించుకోబాక. నేను చెప్తా."

అత్తమ్మ అక్కవైపు తిరిగి ఆయన అన్నదంతా చేతులతో చెప్పింది. హెడ్డాఫీసుకు నెత్తిమీద పెద్ద తలపాగా చూపించింది. సిస్టంకు ఏం చూపించాలో తెలియక కాసేపు ఆలోచించి, గాల్లో ఒక డబ్బా గీసి, దానికి చెవులు లేవన్నట్టు చెవుల దగ్గర చేతులు ఊపింది. పెద్దత్తమ్మ తన చెవులు తాకి, ఆ డబ్బాకేసి చూపించి, తనూ అదీ ఒకటే అన్నట్టు నవ్వింది. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు పెద్దత్తమ్మ జాకెట్లోంచి కరపత్రం తీసి, బల్లమీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది. మారదు అన్న మాట మీద వేలు పెట్టి మేనేజరు ముఖంలోకి చూసింది. తర్వాత పెదవి తాకి అరచేయి బోర్లా తిప్పింది.

"ఏమంటున్నారు?" అని అడిగాడు ఆయన.

"మాట తిప్పినారంటోంది."

ఆయన కరపత్రం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. మెడ దగ్గర చొక్కా సర్దుకున్నాడు. "ఇది… మార్కెటింగ్‌వాళ్లు వేసినట్టున్నారు. దీని గురించి ఇంటింటికీ ఎవరూ హామీ ఇచ్చి ఉండరు కదా" అన్నాడు, మమ్మల్ని కాకుండా గోడను చూస్తూ.

మూలనుంచి లైనన్న లేచాడు. తీగ చుట్ట కింద పెట్టాడు.

"నేనే ఇచ్చినా సార్."

"నువ్వు ఊరుకో" అన్నాడు మేనేజరు.

"లేదు సార్. ప్రతి ఇంట్లో ఈ లైను మీద వేలు పెట్టి చూపించినా. మీరే అట్ల చెప్పి అమ్మమన్నారు. నేను రేపు మళ్లీ ఆ వీధుల్లోనే తిరగాల. వాళ్లిళ్ల ముందే స్తంభం ఎక్కాల." మేనేజరు చేతిలోని కరపత్రం చూపించాడు. "నా మాట పోయింది సార్."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. కోప్పడతాడనుకున్నాను. లైనన్న ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆయన మాత్రం చాలా మామూలు గొంతుతో, "కూర్చోండమ్మా" అన్నాడు. అప్పటిదాకా మేం నిలబడే ఉన్నామని అప్పుడే చూసినట్టున్నాడు. కరపత్రాన్ని ఫోటో తీశాడు. పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో, తెలుగులో చాలాసేపు మాట్లాడాడు. "లేదు సార్, మన ముద్రే ఉంది… లేదు సార్, ముప్పై నలభై ఇళ్లున్నాయి… లేదు సార్, వాళ్లు ఎక్కువేం అడగట్లేదు, రాసింది ఇవ్వమంటున్నారు" అన్నాడు. అత్తమ్మ మాట ఆయన నోట్లోంచి వస్తోందని ఆయనకు తెలియదు.

వారం గడువు అడిగాడు. అంతవరకు నెట్టు మాత్రం ఆ రోజే తిరిగి ఇప్పించాడు. లైనన్నను ఏమీ అనొద్దని అత్తమ్మ మరీ మరీ చెప్పింది. "ఆయన్ను ఏమన్నా అంటే నాకు లైను ఎక్కేవాళ్లు ఎవరమ్మా?" అన్నాడు మేనేజరు. మేం లేచేటప్పుడు పెద్దత్తమ్మ చేయి చాచింది, కరపత్రం వెనక్కి ఇయ్యమని. ఆయన నవ్వి ఇచ్చేశాడు.

వారం అన్నది పన్నెండు రోజులు పట్టింది. ఆ రోజులన్నీ పెద్దత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. నా జీవితంలో అంత సందడిగా గడిచిన రోజులు తక్కువ. పొద్దున్నే ఇద్దరూ వాకిట్లో కూర్చుని, పోయేవాళ్లందరి గురించీ చేతులతో మాట్లాడుకునేవారు. వీధిలో వాళ్లకు అనుమానం వచ్చి మా ఇంటి ముందు నడక వేగం పెంచారు. ఆఫీసులో జరిగింది లైనన్న ద్వారా అందరికీ తెలిసింది. ఒక్కొక్కరే వచ్చి తమ కరపత్రం కోసం ఇంట్లో వెతుకుతున్నామని చెప్పేవాళ్లు. ఒకామె గూట్లో పరిచిన దాన్ని తెచ్చింది. ఇంకొకామె బొరుగులు పొట్లం కట్టిన దాన్ని నూనె మరకలతో తెచ్చింది. పెద్దత్తమ్మ వాటినన్నిటినీ సాపు చేసి, తన కరపత్రం కింద వరసగా పెట్టింది. పద్దెనిమిది పోగయ్యాయి. నా మెడ నమూనా తెచ్చి అన్నిటికన్నా అడుగున తనే పెట్టింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మెసేజీ వచ్చింది. ఈసారి తెలుగులో. కరపత్రం చూసి చేరినవాళ్లందరికీ పన్నెండు నెలలు పూర్తయ్యేదాకా పాత ధరే వర్తిస్తుందని, ఎక్కువ కట్టినవాళ్లకు వచ్చే బిల్లులో తగ్గిస్తామని. నేను గట్టిగా చదివాను. అత్తమ్మ చేతులతో చెప్పింది. పెద్దత్తమ్మ లేచి, గట్టిగా, శ్రుతి ఏమాత్రం లేకుండా, ఒక కీర్తన మొత్తం పాడింది. ఈసారి నేను వంటింట్లోకి పోలేదు. అత్తమ్మతో పాటు నేనూ తాళం వేశాను.

సాయంత్రం లైనన్న వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "టీ దుకాణంలో ఇయ్యాల నాకు డబ్బులు తీసుకోలేదక్కా" అన్నాడు. అతని భార్య జాకెట్టు ఒకటి కుట్టమని గుడ్డ తెచ్చాడు. ఏ మెడ కావాలని అడిగితే, "ఏదైనా పరవాలేదు, కాగితం మాత్రం వేరేది వాడు" అన్నాడు.

పెద్దత్తమ్మను పామూరు బస్సు ఎక్కించిన రోజు అత్తమ్మ ఏడవలేదు. నాలుగింటికి కనపడతానని కిటికీలోంచి వేళ్లు చూపించి వెళ్లింది. నాలుగింటికి కనపడింది.

ఏడాది అయిపోయింది. గడువు ముగిసింది కాబట్టి కొత్త ధర ఆరు వందల డెబ్భై అని ముందుగానే చెప్పారు. మొదటిసారి పెంచినదానికంటే ఇంకా ఎక్కువ. నేను భయపడుతూ అత్తమ్మకు చెప్పాను.

"కట్టు" అంది బియ్యం ఏరుతూ.

"ఎక్కువైంది గదా అత్తమ్మా. అప్పుడంత గొడవ చేస్తిమి."

"అప్పుడు మాట ఉండె. ఇప్పుడు లేదు. వాళ్లు అడిగినారు, మనకు కావాలంటే తీసుకుంటాం, అక్కర్లేదంటే మానుకుంటాం. దీంట్లో తప్పేముంది?" అని, "మల్ల ఏడాదికి రాయించుకోబాక. ఆరు నెలలకు అడుగు. ఆరు నెలల తర్వాత తగ్గుతదేమో" అంది.

తగ్గలేదు. అయినా ఆమె అడగడం మానలేదు. లైనన్న కనపడినప్పుడల్లా అడుగుతుంది, అతను నవ్వుతాడు.

ఈ గొడవలో నాకు మిగిలింది ఇంకొకటి ఉంది. ఆ పన్నెండు రోజుల్లో వాళ్ల సైగలు సగం నాకు పట్టుబడ్డాయి. రెండు మిషన్లూ ఒకేసారి ఆడుతున్నప్పుడు మా ఇంట్లో కూడా మాట వినపడదు. వంటింటి గుమ్మంలోంచి అత్తమ్మ కూరలో చింతపండు వెయ్యనా అని చేత్తో అడుగుతుంది. నేను కాలు ఆపకుండా, కొంచెమే అని రెండు వేళ్లు చూపిస్తాను. మొన్న మా ఆయన షెడ్డునుంచి వచ్చి మధ్యలో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది, నా గురించేనా?" అన్నాడు.

నిజంగానే ఆయన గురించే. అత్తమ్మ నాకేసి చూసి, చెప్పొద్దని కనుబొమ ఎగరేసింది.